94 దగ్గరే ఆగిపోతోందా? మోడెం ముందా, రౌటర్ ముందా?

ప్రశ్న: మాది కేబుల్ ఇంటర్నెట్, 300 ఎంబీపీఎస్ ప్లాన్. మోడెం, రౌటర్ రెండూ సొంతంగా కొనుక్కున్నవే, విడివిడి పెట్టెలు. మోడెం మీద డాక్సిస్ 3.0, 8×4 అని ఉంది. కొని ఏడేళ్లు దాటింది. రౌటర్ అంత పాతది కాదు, వైఫై 5 రకం, డబ్బా మీద 1200 అని ఉంది. ముందు గదిలో రౌటర్ పక్కనే నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేస్తే 93, 94 వస్తోంది. అంతకు మించి ఎన్నడూ రాలేదు. వెనక పడకగదిలో 20కి పడిపోతుంది. రాత్రిళ్లు వీడియో కాల్ మాట్లాడుతుంటే బొమ్మ బిగుసుకుపోతోంది. కంపెనీ నుంచి వచ్చిన టెక్నీషియన్ మోడెం పాతబడింది, మార్చండి అన్నాడు. మా అబ్బాయి తప్పంతా రౌటర్‌దే అంటున్నాడు. ఈ ఏడాది ఒక్కటే కొనగలను. ఏది ముందు కొనమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ఉత్తరం చివర మీరడిగిన ప్రశ్నకు ఉత్తరం మధ్యలో మీరే జవాబు రాశారు. 94. ఆ ఒక్క అంకె చాలు, ముందు మార్చాల్సింది రౌటర్ అని చెప్పడానికి. అయితే రౌటర్ కంటే ముందు మార్చి చూడాల్సిన మూరెడు తీగ ఒకటుంది. మోడెం జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. మోడెం కేబుల్ లైను నుంచి ఇంటర్నెట్‌ను ఇంట్లోకి తెస్తుంది, రౌటర్ దాన్ని వైఫైగా ఇల్లంతా పంచుతుంది. డాక్సిస్ అన్నది కేబుల్ మోడెంలు పాటించే ప్రమాణం పేరు.

94 సంగతి చెబుతాను. నెట్‌వర్క్ తీగ గుచ్చే పోర్టులు ఇళ్లలో ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి సెకనుకు 100 మెగాబిట్లది (అంటే 100 ఎంబీపీఎస్), రెండోది 1000 మెగాబిట్లది, అంటే గిగాబిట్ పోర్టు. 100 పోర్టు గుండా నికరంగా 100 ఎప్పుడూ రాదు. డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా నడుస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ చిరునామా, తప్పొప్పులు సరిచూసే అంకెలు, పక్క ప్యాకెట్‌తో కాస్త ఎడం ఉండాలి. ఆ తరుగు పోగా స్పీడ్ టెస్టులో తేలేది 94 చిల్లర. గిగాబిట్ పోర్టుకు అదే లెక్కన 940 దాకా వస్తుంది. వైఫై సిగ్నల్ బలహీనమైతే అంకె ఒకచోట నిలవదు. ఒకసారి 130, ఇంకోసారి 70, తలుపు వేస్తే 55, ఇలా ఊగుతూ ఉంటుంది. కేబుల్ లైను మీద రద్దీ ఉన్నా అంతే, పగలొకటి, రాత్రొకటి. ఎప్పుడు చూసినా 93, 94 దగ్గరే ఆగుతోందంటే దారిలో ఎక్కడో 100 పోర్టు ఉంది. లేదా గిగాబిట్ పోర్టే 100కి దిగి పనిచేస్తోంది.

అది ఎక్కడో పట్టుకోవాలి. మీ తరం మోడెంలకు దాదాపు అన్నిటికీ వెనక గిగాబిట్ పోర్టే ఉంటుంది కాబట్టి దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం. మిగిలినవి రెండు: మోడెం నుంచి రౌటర్‌కు వెళ్లే తీగ, రౌటర్ వెనక ఆ తీగ దూరే పోర్టు.

తీగ లోపల సన్నని రాగి తీగలు ఎనిమిది, రెండేసి చొప్పున మెలివేసి ఉంటాయి. 100 వేగానికి వాటిలో నాలుగు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. బల్ల కాలి కింద నలిగో, మూల దగ్గర మరీ వంగిపోయో, కొనన ఉన్న క్లిప్పు విరిగి వదులయ్యో ఒక్క పోగు తెగినా, రెండు పెట్టెలూ చాలాసార్లు నోరెత్తకుండా 100కి దిగి పని కానిచ్చేస్తాయి. హెచ్చరిక రాదు. ఎర్రదీపం వెలగదు. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. పై తొడుగు మీద క్యాట్ 5ఈ అనో, క్యాట్ 6 అనో ముద్రించి ఉన్న మంచి తీగ ఒకటి తెచ్చి మార్చండి. రెండు కొనల్లోనూ టక్కుమని బిగుసుకోవాలి. ఆ తర్వాత అదే చోట నిలబడి అదే ఫోనుతో మళ్లీ పరీక్షించండి. అంకె 94 దాటి పైకి పోతే రోగం తీగలో ఉన్నట్టే. అప్పుడు రౌటర్ కొనే తొందర కూడా ఉండదు.

దాటలేదనుకోండి, ఇక రౌటర్ పోర్టే. రౌటర్ మోడల్ నంబరు పట్టుకుని దాని వివరాల పట్టీ చూడండి. ఫాస్ట్ ఈథర్‌నెట్ అని గానీ, 10/100 అని గానీ ఉంటే అది 100 రకం. 10/100/1000 అనో గిగాబిట్ అనో ఉంటే పోర్టు మంచిదే. డబ్బా మీద 1200 అని ఉంది కదా అంటారేమో. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 867 కలిపి, వచ్చిన మొత్తాన్ని ఇంకాస్త పైకి జరిపి వేసిన అంకె అది. గాలిలో, కాగితం మీది వేగం. మీ ఫోను ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. కాబట్టి 1200 ఏ ఒక్క ఫోనుకూ రాదు. ఇక వెనక పోర్టు 100 మాత్రమేనన్న సంగతి డబ్బా కింది అంచున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ముందు 1200, వెనక 100. చౌక రకం వైఫై 5 రౌటర్లలో ఇది మామూలే. అమ్మేవాళ్లు చేసే ఈ గారడీ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మోడెం నిర్దోషి అని నా మాట మీద నమ్మక్కర్లేదు. మీరే తేల్చుకోవచ్చు. రౌటర్‌కు వెళ్లే తీగను పీకి, దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చండి. మోడెం పవర్ తీసి, నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ఇది మానేస్తే ఇంటర్నెట్ రాకపోవచ్చు, ఎందుకంటే చాలా మోడెంలు ఆన్ అయ్యాక మొదట కనిపించిన పరికరాన్నే గుర్తుపెట్టుకుని దానికే దారి ఇస్తాయి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపండి, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. రౌటర్ చాటు లేకుండా అది నేరుగా బయటి నెట్‌కు ఎదురుగా ఉంటుంది కనుక పరీక్ష కాగానే పాత అమరికకు మార్చేయాలి. ఇంకొక మెలిక: ల్యాప్‌టాప్ పోర్టు, లేదా మీరు వాడే యూఎస్‌బీ అడాప్టర్ కూడా 100 రకం కావచ్చు. అది చూసుకోకపోతే మళ్లీ 94 కనిపించి మోడెం మీద లేనిపోని నింద పడుతుంది. ఈ పరీక్ష మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి చేసి రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. 280, 290 వస్తుంటే మోడెం తన పని తాను చేస్తోంది.

టెక్నీషియన్ మాటను తీసిపారేయను. అందులో సగం నిజం ఉంది. 8×4 అంటే ఇంటికి వచ్చే వైపు 8 ఛానెళ్లు, వెళ్లే వైపు 4 ఛానెళ్లు. 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఛానెల్ మీద ఈ రకం మోడెం సుమారు 38 ఎంబీపీఎస్ తేగలదు. ఎనిమిదికి దాదాపు 300. యూరప్ పద్ధతిలో ఛానెల్ వెడల్పు 8 మెగాహెర్ట్జ్ కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ. అంటే మీ 300 ప్లాన్‌కు ఈ మోడెం బొటాబొటిగా సరిపోతోంది. పైగా ఆ ఛానెళ్లు మీ ఒక్కరివి కావు, అదే లైను మీదున్న ఇరుగుపొరుగు ఇళ్లన్నీ వాటినే పంచుకుంటాయి. అందరూ వీడియోలు పెట్టుకునే వేళకు ఇరుకు తప్పదు. 24 లేదా 32 ఛానెళ్ల మోడెం అయితే ఖాళీగా ఉన్న ఛానెళ్లను కూడా అందుకుంటుంది. డాక్సిస్ 3.1 మోడెం అయితే వాటితో పాటు ఓఎఫ్‌డీఎం అనే వెడల్పాటి ఛానెళ్లనూ వాడుకుంటుంది. కాబట్టి మోడెం మారిస్తే మేలు జరిగే రోజు వస్తుంది. కానీ ఇవాళ మీ మోడెం 300 తెచ్చి గుమ్మంలో పెడుతుంటే లోపలికి వెళ్తున్నది 94. మోడెం మార్చినా రేపు ఫోనులో కనిపించేది అదే 94. టెక్నీషియన్ మోడెం వయసు చూశాడు, దాని వెనకున్న తీగను, రౌటర్‌ను చూడలేదు. ఈ పందెంలో మీ అబ్బాయిదే గెలుపు, కాకపోతే కారణం చెప్పలేకపోయాడు.

మోడెం ముందు మార్చాల్సిన ఇళ్లూ ఉంటాయి. ప్లాన్ వేగం మోడెం ఛానెళ్ల శక్తిని దాటిపోయిన ఇల్లు ఒకటి. 600 ప్లాన్ తీసుకుని 8 ఛానెళ్ల మోడెం పెట్టుకుంటే సగం డబ్బు వృథా. కంపెనీ తన ఆమోదిత మోడెంల జాబితా నుంచి మీ మోడల్‌ను తొలగించిన సందర్భం ఇంకొకటి. ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్న మోడెంలది వేరే కథ. వేగం బాగానే ఉన్నా జాప్యం, అంటే డేటా వెళ్లి రావడానికి పట్టే సమయం, ఉన్నట్టుండి ఎగసిపడే లోపం వాటిలో ఉందని 2016 చివర్లో బయటపడింది. ఆటలు ఆడేవాళ్లు, కాల్స్ మాట్లాడేవాళ్లు నానా అవస్థ పడ్డారు. ఆ చిప్ ఎక్కువగా 16, 24, 32 ఛానెళ్ల మోడెంలలో కనిపించింది.

ఇక తీగతో కలిపిన కంప్యూటర్‌లోనూ రోజూ ఇంటర్నెట్ పూర్తిగా తెగిపోయి, మోడెం దీపాలు మొదటి నుంచి మళ్లీ మిణుకుమిణుకుమంటుంటే చాలామంది వెంటనే కొత్త మోడెం కొనేస్తారు. అక్కడ ఆగాలి. బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే చాలా కేబుల్ మోడెంలు తమ సిగ్నల్ పట్టికను చూపిస్తాయి. వచ్చే వైపు పవర్ మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ (కేబుల్ సిగ్నల్ బలానికి కొలత) మధ్య ఉంటే హాయి. సిగ్నల్‌కూ రొదకూ మధ్య నిష్పత్తి, ఎస్‌ఎన్‌ఆర్ అని ఉంటుంది, 33 డెసిబెల్స్ పైన ఉండాలి. వెళ్లే వైపు పవర్ సుమారు 35, 50 మధ్య ఉండాలి. 50 దాటిపోతోందంటే తన మాట అవతలికి వినిపించక మోడెం గొంతు చించుకుంటోందని అర్థం. పక్కనే అన్‌కరెక్టబుల్ అనే గడి ఒకటి ఉంటుంది. దిద్దుకోలేనంతగా పాడైపోయిన డేటా ముక్కల లెక్క అది. పెద్ద అంకె ఉన్నంత మాత్రాన కంగారు పడకండి, ఎన్నాళ్ల నుంచో పేరుకున్నది కావచ్చు. గంట గంటకూ పెరుగుతోందా అన్నది చూడాలి. ఈ అంకెలు బాగాలేకపోతే జబ్బు లైనులో ఉంది. కొత్త మోడెం తెచ్చినా అదే పాడు లైను మీద కూర్చుంటుంది. ఇంట్లో టీవీ కోసమని ఎప్పుడో పెట్టి మరిచిపోయిన స్ప్లిట్టర్, అంటే ఒక కేబుల్‌ను రెండు మూడు దారులుగా చీల్చే చిన్న డబ్బా, ఉంటే చూడండి. రెండు దారుల స్ప్లిట్టర్ ఒక్కొక్కటీ సుమారు మూడున్నర డెసిబెల్స్ మింగేస్తుంది. ఒకదాని వెనక ఒకటి మూడుంటే ఇక మోడెంకు మిగిలేదేమిటి? అక్కర్లేనివి తీసేసి, గుండ్రటి కేబుల్ కొనలను చేత్తో గట్టిగా బిగించండి. అప్పటికీ అంకెలు మారకపోతే లైను బాగుచేయాల్సింది కంపెనీ. ఆ బాధ్యత మీ జేబు మీదికి రానివ్వకండి.

పడకగదిలో 20 రావడానికి ఈ గొడవలతో సంబంధం లేదు. అది గోడల సమస్య. కొత్త రౌటర్ తెచ్చి పాత చోటే పెడితే మీరు ఆశించినంత తేడా రాదు. వైఫై ఎంత పవర్‌తో ప్రసారం చేయవచ్చో దాదాపు ప్రతి దేశంలోనూ చట్టం హద్దు పెట్టింది. ఎన్ని కొమ్ములున్న రౌటరైనా ఆ హద్దులోనే పనిచేయాలి. కాబట్టి ముందు చోటు మార్చండి. టీవీ వెనక, బీరువాలో, నేల మీద పెట్టిన రౌటర్ సగం బలం అక్కడే పోగొట్టుకుంటుంది. ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు, చుట్టూ అడ్డం లేని చోటుకు తెస్తే ఖర్చు లేకుండానే పడకగది వేగం పెరగవచ్చు. మోడెం ఉన్న చోటే రౌటర్ ఉండాలన్న నియమం లేదు, పొడవాటి తీగ ఒకటి వేస్తే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పడకగదిలో ఫోను ఏ బ్యాండ్ మీద ఉందో కూడా చూడండి. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 దూరం పోతుంది గానీ అక్కడ పక్కిళ్ల రౌటర్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వాడితే, ఒకదానిమీద ఒకటి పడవని మామూలుగా ఎంచుకునేవి 1, 6, 11 వైఫై ఛానెళ్లు. ఇవన్నీ చేసినా చాలకపోతే రెండు పెట్టెల మెష్ (ఒకే వైఫైని కలిసి పంచే పెట్టెల జత) తీసుకుని, వీలైతే రెంటినీ తీగతో కలపండి. తీగ లేని మెష్ అంతగా మెచ్చదగ్గది కాదు. కేబుల్ టీవీ కోసం వేసిన గుండ్రటి కేబుల్ పడకగదిలో కూడా ఉంటే మోకా అడాప్టర్ల (టీవీ కేబుల్ మీద నెట్‌వర్క్ నడిపే చిన్న పెట్టెల) జతతో దాన్నే నెట్‌వర్క్ తీగలా వాడుకోవచ్చు. సిగ్నల్ బయటికి పోకుండా ఇంటి మొదట్లో ఒక ఫిల్టర్ పెట్టుకోవాలి, అంతే.

రాత్రి వీడియో కాల్ బిగుసుకుపోవడం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. వీడియో కాల్‌కు కావలసింది మూడు నాలుగు ఎంబీపీఎస్. 94 ఉన్న ఇంట్లో అది ఆగకూడదు. కేబుల్ ఇంటర్నెట్‌లో వచ్చే వేగం ఎక్కువ, వెళ్లే వేగం చాలా తక్కువ. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టగానే ఇంట్లో ఫోన్లన్నీ ఆ రోజు తీసిన ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడతాయి. ఆ ఇరుకు దారి నిండిపోతుంది. మీ మాట, మీ ముఖం ఆ వరుసలో చివర నిలబడాలి. స్పీడ్ టెస్టులో ఇది కనపడదు, జాప్యంలో కనపడుతుంది. కాల్ బిగుసుకున్నప్పుడు అన్ని ఫోన్లలోనూ ఫోటోల బ్యాకప్ ఆపి చూడండి. కాల్ వెంటనే తేరుకుంటే దొంగ దొరికినట్టే. దీనికి మందు రౌటర్‌లో ఉంది. ఎస్‌క్యూఎం అనే, ప్యాకెట్ల వరుసను తెలివిగా నడిపే సౌకర్యం, అందులో కేక్ లేదా ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి ఉన్న రౌటర్ అయితే చిన్న ప్యాకెట్లను పెద్ద మూటల వెనక నిలబెట్టదు. మీకు నిజంగా అందుతున్న వేగంలో 85, 90 శాతం దగ్గర దాని హద్దు పెట్టాలి. డాక్సిస్ 3.1 మోడెంలకు వెళ్లే వైపు వరుసను అదుపు చేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు కాబట్టి ఈ విషయంలో కొత్త మోడెంకూ మంచి మార్కులే వేయాలి. కానీ ఫోటోల బ్యాకప్‌ను తెల్లవారుజాముకు మార్చుకోవడానికి ఏ పెట్టే కొనక్కర్లేదు.

వేగంతో నిమిత్తం లేకుండా రౌటర్‌నే ముందు మార్చమనడానికి ఇంకో కారణం భద్రత. మోడెం ఫర్మ్‌వేర్‌ను, అంటే దాని లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను, కంపెనీయే తన లైను ద్వారా పంపిస్తుంది, మీ చేతిలో ఏమీ లేదు. రౌటర్‌ది తయారీదారు ఇవ్వాలి, మీరు వేసుకోవాలి. 2018లో వీపీఎన్ ఫిల్టర్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ కనీసం 5 లక్షల రౌటర్లు, నిల్వ పరికరాల్లోకి చొరబడింది. రౌటర్లను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండని అమెరికా ఎఫ్‌బీఐ అందరినీ కోరాల్సి వచ్చింది. మీ రౌటర్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో తయారీదారు సైట్‌లో చూడండి. ఆపేశామని అక్కడ రాసి ఉంటే, తీగ మార్చాక 94 దాటినా సరే, ఆ రౌటర్‌ను ఇంట్లో ఉంచకండి.

కొనేటప్పుడు డబ్బా ముందు వైపు చూడకుండా వెనక వైపు చదవండి. పోర్టులన్నీ గిగాబిట్‌వి కావాలి, డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతి ఉండాలి, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చెప్పి ఉండాలి, వీలైతే ఎస్‌క్యూఎం ఉండాలి. వైఫై 6 మీకు ధారాళంగా సరిపోతుంది. 2024లో ధ్రువీకరణ మొదలైన వైఫై 7 కోసం ఎగబడక్కర్లేదు, ఆ వేగాన్ని అందుకునే ఫోను ఇంట్లో లేనప్పుడు అది అలంకారమే. మోడెం, రౌటర్ కలిసి ఉన్న ఒకే పెట్టె మాత్రం తీసుకోకండి. ఇవాళ రెంటిలో ఒకటి చాలని మీరు నిశ్చింతగా ఉన్నారంటే అవి విడివిడిగా ఉండబట్టే.

మోడెం వంతు వచ్చినప్పుడు, అంటే ప్లాన్ పెంచినప్పుడో, తీగతో నేరుగా కలిపి చూస్తే మధ్యాహ్నం 290 వచ్చి రాత్రి సగానికి పడిపోతున్నప్పుడో, డాక్సిస్ 3.1 రకమే తీసుకోండి. ఎక్కువ ఛానెళ్లున్న 3.0 మోడెం ఇప్పుడు కొనడం దండగ. 3.1 మోడెం పాత తరహా లైను మీద కూడా పనిచేస్తుంది. కొనే ముందు రెండు పనులు చేయండి. ఆ మోడల్ మీ కంపెనీ ఆమోదిత జాబితాలో ఉందో లేదో చూడండి, ఎందుకంటే లేనిదాన్ని చాలా కంపెనీలు కలపవు. రెండోది, కంపెనీకి ఫోన్ చేసి మీ వీధి లైను మీద వచ్చే వైపు ఎన్ని ఛానెళ్లు నడుపుతున్నారో, ఓఎఫ్‌డీఎం ఛానెల్ ఉందో లేదో అడగండి. పదహారుకు మించి ఛానెళ్లు ఉన్నాయంటే కొత్త మోడెంతో రాత్రి ఇరుకు తగ్గే అవకాశం బాగా ఉంది. ఎనిమిదే నడుపుతున్నాం, ఓఎఫ్‌డీఎం లేదు అంటే డబ్బు దాచుకోండి.